ఖాళీ బండి బరువు

పాసో దెల్ కార్దోలో కాటా గది నాది.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, ఆదివారాలు తీసేస్తే.
లారీ నిండుగా వస్తుంది, రాస్తాను.
ఖాళీగా వెళ్తుంది, రాస్తాను.
రెంటికీ తేడా ఎంతో, అంతే రైతు.

నాకు ముందు దోన్ ఎలిసేయో బ్రగన్యోలో.
చెవి మీద పెన్సిలు, పెన్సిలు చివర పంటిగాట్లు.
కుర్చీ దిగిపోతూ పదకొండు పుస్తకాలు అప్పగించాడు,
అట్టలకి ఇంకా అవిసెనూనె వాసన.
ఊరి చరిత్ర ఎవరైనా అడిగితే
చర్చి మెట్ల దగ్గరి పాలరాతి పలక చూపిస్తారు అందరూ.
నేను వీటిని తీస్తాను.

మొదటి పేజీలో అన్నీ అవిసెలే.
ఓడ దిగి, బురదలో మూడు రోజులు నడిచొచ్చిన
పియమాంటే వాళ్ళు
సంతకం రాక కొడవలి బొమ్మ గీశారు.
ఆ పేజీకి ముందు పేజీ లేదు.
మడుగు ఒడ్డున చేపలు పట్టుకు బతికిన మొకోవీలని
ఎవరూ తూచలేదు.
నాగలికి వాళ్ళ కుండపెంకులు తగిలితే
మా తాత గట్టు మీదికి విసిరేసేవాడు.
ఇప్పుడు ఆ గట్టు కూడా లేదు. సోయా.

ఒక ఏడు నాలుగు నెలలపాటు ఒకటే సరుకు: మిడతలు.
కిలోకి ఇంతని సర్కారు ఇచ్చేది.
బడి మూసేసి పిల్లలు గోనెలు పట్టారు.
బండెడు గోనెల మీద కూర్చుని వచ్చిందట లీనా స్ట్రోపియానా, తొమ్మిదేళ్ళది.
"దిగు, లేకపోతే నువ్వూ మిడతల లెక్కలోకే పోతావు"
అన్నాడట దోన్ ఎలిసేయో, అప్పటికి నూనూగు మీసాలవాడు.
మా ఎదురింట్లోనే ఉంటుంది లీనా.
గోనెల్లో వాన పడుతున్నట్టుండేదంటుంది ఆ చప్పుడు.
తీగ మీద ఆరేసిన గౌన్లని కొరికేసిన మిడతలే
ఆమెకి మొదటి చెప్పులజత కొనిపెట్టాయి.

రైలు ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు.
ఒక మంగళవారం రాలేదు, అంతే.
స్టేషన్ మాస్టరు అర్సేనియో ఇంకో ఏడాదిపాటు
గడియారానికి కీ ఇస్తూనే ఉన్నాడు.
పదేళ్ళ తర్వాత పట్టాలు విప్పి నా దగ్గరికే తెచ్చారు.
పద్దెనిమిది టన్నుల నాలుగు వందల కిలోల తుక్కు.
మా అమ్మ పెళ్ళికూతురుగా దిగింది ఆ ఇనుము మీదే.
ఖాళీ లారీ బరువు తీసేశాను.
డ్రైవరు రసీదు మడిచి టోపీలో దోపుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఊరు పడుకుంటుంది.
నడిరోడ్డు మీద కుక్కలు,
బేకరీ తలుపుకి గొలుసు.
నేను మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి
గొట్టం గుర్రుమనేదాకా పీలుస్తాను. చేదు.
మా బావి నీళ్ళు ఉప్పన, అది వేరే సంగతి.
సాయంత్రం కుర్రాళ్ళు మోపెడ్ల మీద చౌక్ చుట్టూ,
మళ్ళీ చుట్టూ, పెట్రోలు ఆవిరయ్యేదాకా.
పొలాలు ఏదో కంపెనీవి ఇప్పుడు.
కోతయంత్రం రాత్రి వచ్చి రాత్రే పోతుంది,
దాని పేరడిగినవాళ్ళు లేరు.
మందు చల్లే విమానం చప్పుడు వినపడగానే
ఎల్విరా తేనెపట్టు పెట్టెల మీద తడిదుప్పట్లు కప్పుతుంది.
వాళ్ళాయనకి కప్పినంత జాగ్రత్తగా, అంటాడు వాళ్ళాయన.

పోయిన మే నెలలో, తొంభై ఆరో ఏట,
దోన్ ఎలిసేయో ఇటుగా వెళ్ళాడు.
రెండో దారంతా బురద, శవాన్ని తీసుకెళ్ళే బండి
నా కాటా మీదుగానే పోవాలి.
సూది అలవాటుగా కదిలింది.
నేను అలవాటుగా రాశాను.
శ్మశానం నుంచి తిరిగొచ్చేటప్పుడూ రాశాను.
తేడా నూట ఇరవై కిలోలు,
పెట్టెతో, పూలతో కలిపి.

అంకెల పక్కన "సరుకు" అని ఒక గడి ఉంటుంది.
వెనక మూడు లారీలు ఆగాయి, ఒకడు హారన్ కొట్టాడు.
పెన్సిలు చివర కొరికి
అవిసెలు, అని రాశాను.